మేకపాల సాక్ష్యం

మైకు నా చేతికి ఎందుకిచ్చారో నాకిప్పటికీ అర్థం కాదు. పళ్ళు లేని నోటికి మళ్ళీ మైకొకటి.

పోయిన నెల మా తమ్ముడికి కడుపు ఆపరేషను జరిగి గండం గడిచింది. పిల్లలంతా కలిసి కృతజ్ఞతా కూడిక పెట్టారు. ఇంటి ముందు షామియానా వేసి, కుర్చీలు పరిచి, దొడ్లో కోడి పలావు దించారు. పాటలయ్యాక తమ్ముడు మైకు పట్టుకున్నాడు. "నేను మేకపాలు తాగి పెరిగినోణ్ణి. ఈ డాక్టర్ల కత్తికి నేను పోతానా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ముక్క వాడు ఊరూరా చెప్పుకునేదే. "నమ్మకపోతే మా అక్కనడగండి, నన్ను చంకనేసుకుని తిప్పింది ఆమే" అని మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పాస్టరు గారు కూడా, "చెప్పవ్వా, తాత చిన్నప్పుడు దేవుడు చేసిన మేలు ఒకటి చెప్పు" అన్నాడు.

నోరు తెరిచాను గానీ మాట రాలేదు. అవ్వకి దుఃఖం పొంగుకొచ్చిందనుకుని ఆడవాళ్ళు "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. నా మనవరాలు లేచి వచ్చి మైకు తీసుకుంది.

అది దుఃఖం కాదు. సిగ్గు. ఎన్నేళ్ళయినా పాతబడని సిగ్గు.

మా ఊరు మార్కాపురానికీ కొనకనమిట్లకీ నడుమ ఉండేది. అప్పట్లో ఆ తావంతా కర్నూలు జిల్లా. పైన మద్రాసు సర్కారు, దానికి పైన తెల్లదొరలు. మాకు మాత్రం ఎప్పుడు తలెత్తి చూసినా కనబడేది ఒక్క పెద్దిల్లే. పొలాలు వాళ్ళవి, బావి వాళ్ళది, పని వాళ్ళది. మా పల్లెలోని ఆడవాళ్ళు ఆ ఇంటి కళ్ళంలో చేటలు చెరిగేవాళ్ళు, మొగవాళ్ళు మడకలు దున్నేవాళ్ళు. మా అమ్మ ఆ ఇంటి పశువుల కొట్టం ఊడ్చి పేడ ఎత్తేది.

నాయన మాత్రం పలకల గనికి పోయేవాడు. మార్కాపురం దగ్గర రాయి తవ్వి, పొరలు పొరలుగా చీల్చి, బడిపిల్లల పలకలు చేసే పని. సోమవారం కోడి కూయకముందు పోతే శనివారం పొద్దుగూకే వేళకి వచ్చేవాడు. కనుబొమల మీదా చెవుల్లోనూ బూడిదరంగు దుమ్ము. మెడ దగ్గర ముక్కు పెడితే తడిసిన రాతి వాసన. నాకోసం విరిగిపోయిన పలక ముక్కలు పైపంచెలో మూటగట్టుకొచ్చేవాడు. ఊళ్ళో ఏ పిల్లకీ ఒక పలక కూడా గతిలేని రోజుల్లో నా దగ్గర అరుగు మీద పరిచేన్ని ముక్కలుండేవి. వాటిని చూసుకుని నేను విర్రవీగేదాన్ని.

మా పల్లెలో గుడి అంటే బోదగడ్డి కప్పిన పొడుగాటి మట్టిగోడల గది. వారమంతా అది బడి, ఆదివారం గుడి. బడి చెప్పే అయ్యవారే ఆదివారం వాక్యం చెప్పేవారు. పాట ఎత్తేది మా నాయన. గంజిర పట్టుకుని నాయన గొంతు సవరించుకున్నాడంటే పిల్లల గోల దానంతటదే ఆగిపోయేది. ఆయన పాట ఎత్తేటప్పుడు నేను ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరిగి అందర్నీ చూసేదాన్ని, ఆయన మా నాయన అన్నట్టు.

ఆ గుడికి ఒక ఆచారం ఉండేది. పాటలయ్యాక, వాక్యానికి ముందు, ఇంటికొకరు లేచి ఆ వారం తమకు జరిగిన మేలు ఒకటి చెప్పాలి. మేలు చెప్పడం అనేవాళ్ళం దాన్ని. పోయిన వారం చెప్పింది మళ్ళీ చెప్పకూడదు. ఆ మేలు ఎవరి చేతి మీదుగా వచ్చిందో అది కూడా చెప్పాలి. ఈ రెండో సంగతి మీద మా నాయనకి మహా పట్టుదల.

"దేవుడు ఆకాశం మీది నుంచి గిన్నె దించడు పాపా. ఎవురో ఒకరి చేత పంపిస్తాడు. ఆ చెయ్యిని చెప్పకుండా మింగితే సగం దొంగతనమే" అనేవాడు.

ఒక వారం అమ్మకి ఒంట్లో బాగాలేక మా ఇంటి మేలు నేను చెప్పాల్సి వచ్చింది. లేచి నిలబడి, "మా వాకిట్లో ఎండుచేప పడింది. కాకి చేతి మీదుగా" అన్నాను. గుడంతా పకపకమంది. పక్కింటి అత్త మాత్రం నవ్వలేదు. "అది నా చేప! పొద్దన్నుంచీ దానికోసమే ఎతుకుతాన్నా" అని లేచింది. అయ్యవారు సర్దబోయారు. పూర్వం ప్రవక్తకి కూడా కాకులే రొట్టె తెచ్చిపెట్టాయమ్మా అన్నారు. అత్త తగ్గలేదు. "ఆ కాకులు పక్కింట్లో ఎత్తుకొచ్చినాయని రాసుందా అయ్యా?" అంది. చివరికి అమ్మ దోసెడు చింతచిగురు ఇచ్చి ఆమెను చల్లబరిచింది. నిజమైన మేలే, నిజంగానే చెప్పాను. అయినా గొడవైంది. దాన్ని మేమంతా నవ్వులాట కిందే తీసేశాం.

ఆ మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. కొర్రా లేదు, సజ్జా లేదు. సంగటి ముద్ద కాస్తా అంబలైంది, అంబలి కాస్తా గంజినీళ్ళయింది. బతికుంటే బలుసాకు తినొచ్చని సామెత చెప్పేవాళ్ళు ఎన్నడూ బలుసాకు తిని ఉండరు. మేము తిన్నాం. పిల్లలం నాగజెముడు పండ్లు ముళ్ళు దులుపుకుని తిని, నోళ్ళు ఎర్రగా చేసుకుని గుడికి పోయేవాళ్ళం. అంత కరువులోనూ అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు గింజలు దేవుడి డబ్బాలో వేసేది. పిడికిలి చిన్నదైంది గానీ వేయడం మానలేదు. నేను ఎవరూ చూడనప్పుడు అందులో నాలుగు గింజలు నోట్లో వేసుకునేదాన్ని.

తమ్ముడు ఆ కరువులోనే పుట్టాడు. అమ్మకి చలిజ్వరం పట్టుకుంది. జ్వరం తగ్గింది గానీ పాలు ఎండిపోయాయి. గంజినీళ్ళలో గుడ్డపీలిక ముంచి వాడి నోట్లో పిండేది. వాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చివరికి పిల్లికూన మాదిరి చిన్న చప్పుడు మాత్రం చేసేవాడు. నాయన శనివారం వచ్చి వాణ్ణి ఎత్తుకుని చూసి, మళ్ళీ గంపలో పడుకోబెట్టేవాడు.

అమ్మ పనికి పోయేటప్పుడు ఆ గంప నేను మోసుకుపోయేదాన్ని. కొట్టంలో ఒక మూల దించి ఈగలు తోలుతూ కూర్చునేదాన్ని. ఒక పొద్దున ఆ పేడవాసన మధ్యలోకి మల్లెపూల వాసన వచ్చింది. తల తిప్పి చూస్తే పెద్దింటి చిన్నకోడలు దొడ్డివాకిట్లో నిలబడి ఉంది. ఊరంతా ఆమెను చిన్నమ్మ అనేవాళ్ళు. పామూరు అవతలి నుంచి కాపరానికి వచ్చిన మనిషి. తొలి కాన్పులో పుట్టిన బిడ్డ అంతకు కొద్దిరోజుల ముందే పోయింది. బిడ్డ పోయిన మనిషికి మల్లెపూలెందుకా అనుకున్నాను నేను. పాలు ఎండిపోవాలని రొమ్ములకి మల్లెపూలు కడతారని తరవాతెప్పుడో తెలిసింది.

"ఎందుకట్ల ఏడుస్తాండాడు?" అంది.

"పాలు లేవు చిన్నమ్మా. గంజి పోస్తాన్నా" అంది అమ్మ.

చిన్నమ్మ ఇంట్లోకి ఒకసారి చూసింది. లోపల ఆమె అత్త ఎవరినో కసురుతోంది. చిన్నమ్మ గబగబా కొట్టంలోకి వచ్చి, పశువులకి మేత వేసే గాడిపాటి అంచున కూర్చుంది.

"ఇట్లియ్యి వాణ్ణి."

అమ్మ చీపురు కింద పడేసింది. "వద్దు తల్లీ. మేము మీ గడప తొక్కేవాళ్ళం కాదు. మీవాళ్ళకి తెలిస్తే నిన్ను బతకనీరు."

"నాకు నొస్తా ఉంది" అంది చిన్నమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఇట్లియ్యిమే."

అమ్మ వాణ్ణి ఎత్తి ఆమె ఒడిలో పెట్టింది. వాడు ముందు పట్టుకోలేకపోయాడు. పట్టుకున్నాక వదల్లేదు. చిన్నమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. అమ్మ ఆమె పాదాల దగ్గర పేడనేల మీద కూలబడి రెండు చేతులూ జోడించి కూర్చుంది.

ఆనాటి నుంచి రోజూ అదే వేళకి వచ్చేది. నన్ను దొడ్డివాకిట్లో కాపలా పెట్టేవాళ్ళు. అత్తగారు అటు వస్తే నేను దూడని "హై హై" అని అదిలించాలి. ఒకసారి వేళాకోళానికి ఉత్తుత్తినే అదిలించాను. చిన్నమ్మ బెదిరి లేచి, పైట సర్దుకుంటూ గడ్డివామి వెనక్కి పరుగెత్తింది. వాడు కెవ్వుమన్నాడు. అమ్మ నా వీపు మీద ఒక్కటేసింది. చిన్నమ్మ మాత్రం వామి చాటునుంచి నా మొహం చూసి ఫక్కున నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తమ్ముడి బుగ్గలు నిండాయి. ఒక శనివారం నాయన వాణ్ణి ఎత్తుకుని, బరువు చూసుకుని అమ్మ వైపు తిరిగాడు. అమ్మ ఆయనకి అబద్ధం చెప్పలేదు. అంతా చెప్పింది. చెప్పి, "దేవుడికి చెప్పుకో. మనిషికి చెప్పొద్దు" అంది. నాయన గోడకానుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తొలకరి పడింది. చెంచలాకు, గోంగూర మొలిచాయి. అమ్మ ఒళ్ళు కుదుటపడింది, వాడు సంగటి ముద్ద చప్పరించడం నేర్చాడు. చిన్నమ్మ అవసరం తీరిపోయింది. కొట్టంలోకి రావడం మానింది. అయినా అమ్మ గంప దించితే దొడ్డివాకిట్లో నిలబడి దూరం నుంచే చూసిపోయేది.

తరవాత ఒక ఆదివారం తమ్ముణ్ణి గుడిలో ప్రతిష్ఠ చేశారు. బిడ్డను దేవుడి చేతికప్పగించి ప్రార్థన చేసే రోజు. నాకు పక్కింటి అత్త కూతురి పాత పరికిణీ కట్టారు. నాయన పాట ఎత్తాడు. పాటయ్యాక మేలు చెప్పే వేళ వచ్చింది. నాయన తమ్ముణ్ణి చేతుల్లో పట్టుకుని లేచాడు. అన్ని వారాలుగా ఆయన ఏవేవో చిన్న చిన్న మేళ్ళు చెప్పుకొచ్చాడు. ఈ పెద్దది గొంతుకి అడ్డంపడి ఉందని నాకు తెలుసు. ఒకటి రెండుసార్లు అయ్యవారి వంకా, అమ్మ వంకా చూశాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఈ బిడ్డ సావాల్సినోడు" అన్నాడు నాయన. "దేవుడు బతికించినాడు. పెద్దింటి చిన్నమ్మ చేతి మీదుగా. ఆ తల్లి తన పాలిచ్చి బతికించింది. ఇది చెప్పకపోతే నేను దొంగను."

గుడంతా స్తోత్రం అని ఎంత గట్టిగా అన్నారంటే బోద మీది పిచ్చుకలు లేచిపోయాయి. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను గర్వంతో ఉబ్బిపోయి, "నేనే కాపలా ఉన్నా" అని పక్కపిల్లకి చెప్పాను. అమ్మ మొహం పాలిపోయింది.

మాలో ఎవరూ చాడీలు మోయలేదు. అది చెప్పి తీరాలి. మా పల్లెలో పెద్దవ్వ అని ఒక ముసలామె ఉండేది. పెద్దింట్లో చేటలు చెరగడానికి పోయేది. మర్నాడు ఆ ఇంటి అత్తగారు కనబడగానే పెద్దవ్వ కళ్ళంలోనే సాగిలపడింది. "మీ కోడలమ్మ కడుపు చల్లగుండ. మీ ఇల్లు పదికాలాలు పచ్చగుండాల తల్లీ. మా బిడ్డకి పాలిచ్చి నిలబెట్టింది" అని దీవించింది. మనసు నిండా దీవించింది. ఆ దీవెనే చిన్నమ్మ కొంప ముంచింది.

మూడోనాడు పొద్దున్నే పెద్దింటి దొడ్డివైపు బండి కట్టారు. చిన్నమ్మ పెనిమిటి రాలేదు, పాలేరు తోలుతున్నాడు. బండిలో ఒక పెట్టె, దాని పక్కన చిన్నమ్మ. బండి మా పల్లె మొగదల మీదుగా పామూరు దారి పట్టింది. అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని దారి పక్కన నిలబడింది. మేమంతా తలలు వంచుకున్నాం. వాడొక్కడే వంచుకోలేదు. ఆమెను చూడగానే గుర్తుపట్టి, అమ్మ చంకలో నుంచి రెండు చేతులూ చాచి ముందుకు దూకబోయాడు. చిన్నమ్మ మొహం అటు తిప్పుకుంది. బండి కనబడకుండా పోయిందాకా వాడు ఏడుస్తూనే ఉన్నాడు.

శనివారం నాయన వచ్చాడు. అమ్మ కేకలేయలేదు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, జరిగింది చెప్పింది. "నేను ఆమె కాళ్ళకి మొక్కి నోరు మూసుకున్నా. నువ్వు దేవుడికి మొక్కి నోరు తెరిచినావు" అంది. నాయన ఆ నీళ్ళు అట్లాగే ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు.

తెల్లవారి, గుడికి ముందు, పెద్దింటి కళ్ళానికి బయలుదేరాడు. నేను వెంటబడ్డాను. చిన్నమ్మ మామగారు కళ్ళంలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నాయన దూరంగా చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"తప్పు నాది పెద్దయ్యా. ఏ శిక్షైనా నాకెయ్యండి. చిన్నమ్మను పిలిపించండి."

పెద్దాయన మొహంలో కోపం కంటే అలుపే ఎక్కువగా ఉంది.

"నా కొడుకు నాలుగు రోజుల నుంచి కూడు తినలేదు. నాకు మాత్రం ఇష్టమా?" అన్నాడు. "మీ దేవుడికి మీ ఇంట్లో చెప్పుకుంటే సరిపోయేది గదరా. ఇప్పుడు ఊరి నోట్లో పడింది. ఆ మాట నిజమైతే ఆమె నా గడప తొక్కేది లేదు. నా ఇంటిదే ఒప్పుకోదు, కులం ఒప్పుకోదు."

నాయన తలెత్తాడు. "నిజమైతే" అన్నాడు మెల్లగా.

"నిజమైతే" అన్నాడు పెద్దాయన. "నువ్వు అబద్ధాలాడేవాడివి కాదని ఊరంతా ఎరుగుదురు. అదే వచ్చిన చిక్కు."

తిరిగి వచ్చేటప్పుడు నాయన నా చెయ్యి పట్టుకోలేదు. ఇంటికి వచ్చి మొహం కడుక్కుని గుడికి వచ్చాడు. గంజిర తీసుకోలేదు. చూరు కింద, గోడ బయట, పెద్దింటి పాలేరు గొంతుకూర్చుని ఉండడం నేను చూశాను. పాట వేరెవరో ఎత్తారు, శ్రుతి తప్పింది. మేలు చెప్పే వేళకి నాయన లేచాడు.

"పోయిన ఆదివారం నేను చెప్పిన మేలు అబద్ధం" అన్నాడు. "పెద్దింటి చిన్నమ్మ నా బిడ్డను తాకను కూడా లేదు. గొప్పకి చెప్పుకున్నా. పిల్లోడు తాగింది మేకపాలు."

మా ఇంట్లో మేక లేదని పల్లెలో పసిపిల్లలకి కూడా తెలుసు. "ఎవురి మేకరా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"దోవలో గొల్లోళ్ళ మంద... శనివారం వచ్చేటప్పుడు పిండించుకొచ్చేవాణ్ణి."

"శనివారం పాలు వారమంతా తాగినాడా? ఇరగవా?"

అక్కడక్కడా నవ్వారు. నాయన మెడమీద చెమట కారుతోంది. అప్పుడు పెద్దవ్వ కర్ర ఊతంతో లేచి నిలబడింది. "తాగినాడు. నేను కళ్ళారా చూసినా. మేకపాలే" అంది. కూర్చుని కొంగులో మొహం దాచుకుంది.

అయ్యవారు నెమ్మదస్తుడు. కానీ ఈ విషయంలో ఆయనకి దారి లేదు. "బిడ్డను దేవుడికిచ్చే రోజు, దేవుడి సన్నిధిలో నిలబడి అబద్ధం చెప్పినావా?" అని అడిగారు.

"చెప్పినానయ్యా" అన్నాడు నాయన.

నేను లేవబోయాను. కాదు, నిజమే, నేనే కాపలా ఉన్నా అని అరవబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని నేలకి అదిమింది. ఆమె గోళ్ళు దిగిన చోట రెండు రోజులు మంటపుట్టింది.

నాయనను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకి దూరం పెట్టారు. పాట ఎత్తే పని కూడా పోయింది. ఆనాటి నుంచి గుడిలో వెనక, తలుపు పక్కన, చెప్పుల దగ్గర కూర్చునేవాడు. చాలాకాలానికి బల్లలోకి మళ్ళీ తీసుకున్నారు గానీ, పిలిచినా ముందుకి రాలేదు. చనిపోయిందాకా గుడిలో లేచి ఒక్క మేలు చెప్పలేదు.

పిల్లలు తమ్ముణ్ణి మేకపాలోడా అనేవాళ్ళు. నన్ను "మేకపాలోడి అక్కా, మీ మేక యాడికి పోయింది?" అని ఏడిపించేవాళ్ళు. నేను నాయనను చూసి సిగ్గుపడ్డాను. పెద్దింటికి భయపడి దేవుడి ముందు అబద్ధమాడాడనుకున్నాను. గుడిలో ఆయనకి దూరంగా కూర్చునేదాన్ని. శనివారాలు పలక ముక్కలు తెస్తే ముట్టుకునేదాన్ని కాదు. ఆయన వాటిని మూట విప్పి అరుగు మీద పెట్టేవాడు. సోమవారం ఆయన పోయాక కూడా అవి అక్కడే ఉండేవి. అయినా పై వారం మళ్ళీ తెచ్చేవాడు.

చిన్నమ్మ తిరిగొచ్చింది. పామూరు నుంచి అదే బండిలో, జొన్నలు విత్తే నాటికి. ఊరు ఆ మాట మర్చిపోయినట్టు నటించింది. ఆమె వచ్చినట్టు తెలిసిన రోజు అమ్మ దేవుడి డబ్బాలో రెండు పిడికిళ్ళు వేసింది. కానీ పెద్దింటి దొడ్డివాకిలి మూసేశారు, చుట్టూ తుమ్మకంప నాటారు. అమ్మ కొట్టం ఊడ్చే వేళకి చిన్నమ్మ బయటికి వచ్చేది కాదు. దారిలో ఎదురైతే ఇద్దరూ తలలు వంచుకునేవాళ్ళు.

తమ్ముడికి నడక, మాటలు వచ్చాక ఒకసారి దూడ వెంటబడి ఆ కంప సందులో నుంచి దూరి లోపలికి పోయాడు. నేను కంప దగ్గరే ఆగిపోయాను. చిన్నమ్మ బావి దగ్గర ఉంది. వాణ్ణి చూసి చేదతాడు వదిలేసింది. చుట్టూ చూసి, దగ్గరికి వచ్చి వంగింది.

"ఎవురి పిల్లోడివిరా నువ్వు?" అంది, ఎరగనట్టే.

వాడికి ఊళ్ళో తెలిసిన పేరు ఒకటే. "మేకపాలోణ్ణి" అన్నాడు గట్టిగా.

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లోకి పోయి బెల్లంగడ్డ తెచ్చి, వాడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. మూసిన ఆ పిడికిలిని కాసేపు తన చేతిలో ఉంచుకుంది. అంతలో లోపలి నుంచి అత్త పిలిచింది. వాడు పరుగున వచ్చి ఆ బెల్లం నాకు చూపించాడు. నేను సగం కొరుక్కున్నాను. ఆ మాట విని, ఆ చెయ్యి కళ్ళారా చూశాక నాయన ఎందుకు అబద్ధమాడాడో నా మొద్దు బుర్రకి తెలిసింది. ఆ శనివారం పలక ముక్కలు నేనే ఎదురెళ్ళి అందుకున్నాను. ఆయన ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

అప్పుడే ఇంకొకటి గమనించాను. ఇంట్లో అన్నం ముందు ప్రార్థన నాయన ఎప్పుడూ మానలేదు. వానకీ గింజకీ స్తోత్రం చెప్పి, ఆమెన్ అనడానికి ముందు ఆగేవాడు. కళ్ళు మూసుకుని, పెదవులు కదలకుండా ఆగేవాడు. సంగటి చల్లారిపోయేది. తమ్ముడు ఒక కన్ను తెరిచి ముద్ద వంక చూసేవాడు. అమ్మ మెల్లగా గాజులు కదిలిస్తే అప్పుడు ఆమెన్ అనేవాడు. గుడిలో చెప్పలేని మేలు అక్కడ చెప్పుకునేవాడని నాకూ అమ్మకీ తెలుసు. నాయన పోయాక అమ్మ ఆగేది. అమ్మ పోయాక నేను ఆగుతున్నాను. మా ఇంట్లో పిల్లలు, అవ్వ ఆమెన్ ముందు కునుకు తీస్తుందని నవ్వుకుంటారు.

మొన్న కూడిక అయిపోయి, షామియానా విప్పుతుంటే తమ్ముడు నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. "ఏందక్కా, మైకు చూసి బెదిరినావా?" అన్నాడు.

చెప్పేశాను. పెద్దింట్లో ఇప్పుడు ఎవరూ లేరు. గోడలు కూడా లేవు. ఎవరి కాపరమూ చెడదు. వాడికి చెప్పొద్దని నాయన పోయే ముందు ఒట్టు పెట్టించుకున్నాడు, ఇన్నాళ్ళూ దాన్ని నిలుపుకున్నాను. వాడి నోటికి అడ్డూ ఆపూ లేదు, ఆయన పోలికే. మేకపాలని వాడు నవ్వుతూ చెప్పుకున్నన్నాళ్ళూ నేను తలొంచుకుని విన్నాను.

కడుపు మీది కట్టు మీద చెయ్యి పెట్టుకుని అంతా విన్నాడు. "బెల్లం పెట్టింది ఆమేనా?" అన్నాడు.

"జ్ఞాపకం ఉందా నీకు?"

"బెల్లం జ్ఞాపకం ఉంది. మనిషి లేదు." మళ్ళీ అడిగాడు. "ఆమె పేరేందక్కా?"

చిన్నమ్మ. పెద్దింటి చిన్నకోడలు. అంతకుమించి ఏమీ లేదు. ఆమె పేరు అమ్మ అనగా వినలేదు, నాయన అనగా వినలేదు. దేవుడి ముందు నిలబడి ఆ చేతిని చెప్పిన రోజు కూడా నాయన ఆమె పేరు చెప్పలేదు, తెలిస్తే కదా చెప్పడానికి. ఆమె పాలు తాగాం. ఆమెను బండెక్కించాం. ఇన్నేళ్ళు ప్రతి పూటా ఆమె కోసం ఆగాం. పేరేమిటని మాత్రం మాలో ఒక్కరం అడగలేదు.

"తెలీదురా" అన్నాను.

వాడు నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ సాయంత్రం అన్నం ముందు ప్రార్థన వాడే చేశాడు. డాక్టర్లకీ, నర్సులకీ, రక్తమిచ్చిన మనవడి స్నేహితుడికీ పేరుపేరునా స్తోత్రం చెప్పాడు. ఆమెన్ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. దొడ్లో వంటవాళ్ళు డేగిసాలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. పిల్లలు ఒకరినొకరు చూసుకుని గుసగుసలాడారు. అన్నం చల్లారిపోతోందని కోడలు దగ్గింది. కదిలించడానికి నా చేతికి గాజులు లేవు. ఉన్నా కదిలించేదాన్ని కాదు.